అంచున మిగిలిన చెయ్యి

ఉక్కునగరం సన్యాసిరాజు ఫొటోల సైటులో పెట్టే ప్రతి ఫొటోలోనూ అంచున ఏదో ఒకటి అడ్డంగా ఉంటుంది, ఎవరిదో సగం భుజమో, సైకిలు హ్యాండిలో. ఆ అంచు కోసెయ్యకూడదా అని తోటివాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఒకప్పుడు కోసేవాడే. డిజిటల్ కెమెరా కొన్న కొత్తలో ప్రతి ఆదివారం జాలరిపేట ఒడ్డుకెళ్ళి ఫొటోలు తీసేవాడు. సోమవారం పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి, నెట్ సెంటర్‌లో మూల కంప్యూటర్ పట్టేవాడు. నాలిక పెదవి మీద పెట్టుకుని, నచ్చనిదల్లా అంచులంటా కోసి, సైటుకెక్కించి, పడవలు, వలలు, చేపలు అని ఆల్బమ్‌లుగా సర్దేవాడు. ఎక్కగానే కెమెరా కార్డు తుడిచేసేవాడు, మళ్ళీ ఆదివారానికి ఖాళీ కావాలిగా.

ఓ ఆదివారం ఒడ్డున చేపలమ్మే గంగాలమ్మ ఎదురొచ్చింది. ఆమె తమ్ముడు సూరన్న జ్వరంతో పోయి వారమైంది. "పెద్దకర్మకి పటం కట్టాల బాబూ. పడవకి రంగేసినప్పుడు తీసినావు గదా. ఆడిది ఇంకేటీ నేదు."

దగ్గర్లోని నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి ఆ ఫొటో తెరిచాడు. నిండా కొత్త పడవ, దాని పక్కన నవ్వుతూ సూరన్న జతగాడు రాము. రాము పక్కనే నిలబడ్డ సూరన్న లేడు. చిరుగు బనీను బాగోలేదని తనే కోసేశాడు.

"సరిగ్గా పడలేదమ్మా," అన్నాడు రాజు, మౌసు మీంచి కళ్ళెత్తకుండా.

ఆమె తెర దగ్గరికి వంగింది. రాము భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలున్నాయి.

"ఇది మా తమ్ముడి సెయ్యే. తాడు కోసిన గీత సూడు. దీన్నే పెద్దది సేసియ్యి బాబూ, దండేత్తాం."