పళ్లెంలో పదకొండు గుండీలు

కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. వీధిలో అందరూ ఆమెను అద్దాలక్క అంటారు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అనేది. తమ్ముడు ఆమెతోనే ఉండేవాడు. హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్. అతనికీ తీరిక దొరకలేదు.

ఎనిమిది నెలల క్రితం అతను పిల్లల్ని ఆడిస్తూ, విజిల్ నోట్లో ఉండగానే మైదానంలో కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. అన్నీ పోగా ఒక్క మాట మిగిలింది, "కాదు" అని. ఆకలేస్తోందా అంటే కాదు. కడుపు నిండిందా అన్నా కాదు. డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "మనం చెప్పేది ఆయనకి ఎంత అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేం. మీరు మాత్రం మాట్లాడుతూ ఉండండి" అన్నాడు.

కొన్నాళ్లు మాట్లాడింది. ఏ మాటకైనా అదే జవాబు వస్తుంటే నోరు దానంతటదే మూతపడింది. పొద్దున్నే లేచి అతని ఒళ్లు తుడవడం, దుప్పటి మార్చడం, ఆయా రాగానే దుకాణానికి పరుగెత్తడం, సాయంత్రం వచ్చి మళ్లీ అవే పనులు. దిగులుగా ఉందా అని ఎవరైనా అడిగితే ఆలోచించి చెప్పాల్సి వచ్చేది. దిగులు కూడా కాదు. పంటి డాక్టరు మత్తు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉండేది.

ఎడమచేతి వేళ్లన్నా చురుగ్గా ఉండాలని వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఒక గిన్నె నిండా పాత చొక్కా గుండీలు పోసి పెట్టింది. ఒక్కొక్కటీ తీసి పళ్లెంలో వెయ్యాలి. అతను వేసేవాడు. అయ్యాక ఆమె మళ్లీ గిన్నెలోకి ఒంపేసేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీలో దేశాల మధ్య మ్యాచ్ ఉంది. పైవాటాలో ఉండే బస్సు డ్రైవరు వచ్చాడు.

"అక్కా, మాస్టారితో కలిసి చూస్తాను. ఒక్కణ్ణే చూస్తే పిచ్చెక్కుతుంది."

"చూడు బాబూ. వాడికి ఏం తెలుస్తుందో ఏమో మరి."

తమ్ముణ్ణి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, పళ్లెం ఒళ్లో పెట్టి, ఆమె పక్కనే బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. హాఫ్ టైమ్‌కి మన జట్టు ఒక గోల్ ముందుంది. డ్రైవరు లేచి రెండు గెంతులు వేశాడు. ఆమె తలగడ గలీబు మడతపెట్టింది.

రెండో సగం మొదలైన కాసేపటికి అవతలి కోచ్ ఒక ఆటగాణ్ణి మార్చాడు. వచ్చినవాడు పొట్టివాడు, సన్నగా ఉన్నాడు, గాలిలా పరుగెత్తుతున్నాడు. మన లెఫ్ట్ బ్యాక్ వైపే పదే పదే వస్తున్నాడు. ఆ లెఫ్ట్ బ్యాక్‌కి అప్పటికే పసుపు కార్డు పడింది. గట్టిగా అడ్డుపడితే బయటికి పంపేస్తారు. అందుకని బెదురుతూ ఆడుతున్నాడు.

"కాదు," అన్నాడు తమ్ముడు.

ఆమె తలెత్తలేదు.

"కాదు, కాదు!"

"అక్కా," అన్నాడు డ్రైవరు, గొంతు తగ్గించి. "ఓసారి ఇలా చూడు."

పళ్లెంలో గుండీలు కుప్పగా లేవు. అంచున ఒకటి, దాని ముందు నాలుగు, తర్వాత మూడు, ఆ పైన మూడు. పదకొండు. అతని ఎడమచెయ్యి నాలుగింటి వరసలో చివరిదాన్ని పళ్లెం బయటికి నెట్టేసింది. గిన్నెలోంచి నల్ల గుండీ ఒకటి వెతికి తీసి దాని చోట పెట్టింది. మధ్య వరసలోంచి ఇంకోదాన్ని కాస్త వెనక్కి, ఆ నల్ల గుండీకి తోడుగా జరిపింది.

"లెఫ్ట్ బ్యాక్‌ని తీసెయ్యమంటున్నారు!" అన్నాడు డ్రైవరు. "నేనూ ఇందాకట్నుంచీ అదే అనుకుంటున్నా!"

టీవీలో మన కోచ్ కూడా ఒకణ్ణి మార్చాడు. కాని తీసింది ఫార్వర్డ్‌ని, దింపింది ఇంకో ఫార్వర్డ్‌ని. తమ్ముడు పళ్లెం మీద వేలితో టకటకా కొట్టాడు. తొమ్మిది నిమిషాలు తిరక్కుండానే ఆ పొట్టివాడు లెఫ్ట్ బ్యాక్‌ని దాటేసి బంతిని గోల్ ముందుకు కొట్టాడు. వాళ్లవాడు తలతో లోపలికి పంపాడు. గోల్ పడ్డాక అప్పుడు మన కోచ్ లెఫ్ట్ బ్యాక్‌ని మార్చాడు. మ్యాచ్ ఒకటి ఒకటితో ముగిసింది.

డ్రైవరుకి డ్రా అయిన బాధే లేదు. "మాస్టారికి అన్నీ తెలుస్తున్నాయక్కా! మొదట్నుంచీ తెలుస్తూనే ఉన్నాయి!" అంటూ భార్యకు చెప్పడానికి మెట్లెక్కి పరుగెత్తాడు.

మొదట్నుంచీ. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. రెండు నెలల క్రితం ఈ గదిలోనే, ఈ మంచం పక్కనే నిలబడి చెల్లెలితో ఫోన్లో అంది: "వాడు లేడే. ఉన్నది వాడి ఒళ్లే. ఆ రోజు మైదానంలోనే పోయినా బాగుండేది." గొంతు కూడా తగ్గించలేదు. ఎవరు వింటారని?

"ఏరా," అంది. "ఆ రోజు నేను ఫోన్లో అన్నది విన్నావా?"

అతను గుండీల మీంచి తలెత్తి ఆమెను చూశాడు.

"కాదు," అన్నాడు.

అది ఏ కాదో ఆమెకు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోవాలి, లేదా సంతోషంతో ఎగిరి గంతెయ్యాలి. రెండూ జరగలేదు. మడతపెట్టిన బట్టలు తీసుకెళ్లి బీరువాలో సర్దింది.

మర్నాడు సెలవు పెట్టి, మాట నేర్పే డాక్టరమ్మను వెతుక్కుంటూ వెళ్లింది. డాక్టరమ్మ గుండీల సంగతంతా విని, ఒక బొమ్మల అట్ట ఇచ్చింది. మంచం, గ్లాసు, ఫ్యాను, కిటికీ, తలుపు, ఇలా నలభై బొమ్మలు. ఆ సాయంత్రం ఆమె అట్టను తమ్ముడి ముందు పెట్టి, "నీకేం కావాలో చూపించరా" అంది.

అతను వెతకను కూడా లేదు. వేలు నేరుగా కిటికీ మీద పెట్టాడు. తర్వాత అరచేతిని, తలుపు మూసినట్టు, తిప్పి చూపించాడు.

గాలి మంచిదని ఆ ఎనిమిది నెలలూ ప్రతిరోజూ ఆమే కిటికీ బార్లా తెరిచి వెళ్లేది. మంచానికి ఎదురుగా, రోడ్డు రొద, మిట్టమధ్యాహ్నం ఎండ.

వెళ్లి మూసింది. ఏడుపొస్తుందేమోనని అక్కడే కాసేపు నిలబడి చూసింది. రాలేదు. వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "మొన్న దుకాణానికి ఒకాయన తన జోడు అనుకుని వాళ్లావిడ జోడు పెట్టుకుని వచ్చేశాడురా" అంటూ చెప్పడం మొదలుపెట్టింది.