పిలవని సంత

టెంట్‌హౌస్ గుడ్డ ఎండకు కాగితే ఒక వాసన వస్తుంది. పాత వాన, దుమ్ము, ఎవరి పెళ్లిలోనో ఒలికిన కూర, అన్నీ కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, నా అరచేతులకు చెమటలు పడతాయి. ఈ మార్చిలో జగదల్‌పూర్‌లో, నేను చదువుకున్న ఇంజనీరింగ్ కాలేజీలోనే ఉద్యోగ మేళా. ఇప్పుడు నేను కంపెనీ తరఫున వచ్చిన మనిషిని. బల్లకు ఇవతల, ఫ్యాను కింద కుర్చీ. అయినా పొద్దున టెంటులోకి అడుగు పెట్టగానే అదే వాసన తగిలింది. వెంటనే సుభద్ర మేడం గుర్తొచ్చారు.

మాకు మెకానికల్ పాఠాలు చెప్పిన సుభద్ర మేడం ఇనుప గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన ఆంధ్రా మనిషి. లేత్ మిషన్ మోతలోనూ ఆమె గొంతే పైన వినిపించేది. "అడగనిదే అమ్మైనా పెట్టదు" అన్నది రోజుకోసారైనా మా చెవిన పడాల్సిందే. మాది కోంటా బ్లాకులో గొల్లపల్లి. నాన్నది వరి సేద్యం, అమ్మ అడవి సరుకు ఏరి సంతలో అమ్మేది. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పక్కింట్లో దోర్లీ. అన్ని భాషలొచ్చినా, ఇంటర్వ్యూ అనేసరికి ఒక్కదాంట్లోనూ నోరు పెగిలేది కాదు. చివరి ఏడాది ఉద్యోగ మేళా దగ్గర పడేకొద్దీ నాకు తిండి సయించడం మానేసింది. "ఉజ్జోగం వస్తే సరే బిడ్డా, రాకుంటే ఎండకాలం ఇంటికొచ్చెయ్" అన్నాడు నాన్న. కోపంగా అన్నా బాగుండేది. చల్లగా అన్నాడు, అందుకే భయమేసింది. ఒకసారి వెళ్తే మళ్లీ రావడం ఉండదని నాకు తెలుసు.

మేళాకు ముందు అలవాటు కావాలని మేడం వర్క్‌షాపులో బల్లలు వరసగా వేయించి, వాటి వెనక జూనియర్లను కంపెనీవాళ్లలా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ వెళ్లి మాట్లాడమన్నారు. నా వంతు వచ్చింది. బల్లకు కాస్త దూరంలో ఫైలు గుండెకు హత్తుకుని నిలబడ్డాను. అలా నిలబడే ఉన్నాను.

"ఏమ్మా, అక్కడే ఆగిపోయావేం?" అన్నారు మేడం.

"పిలుస్తరని మేడం."

"ఎవరు పిలుస్తారు? ఇదేమన్నా పేరంటమా?"

అందరూ నవ్వారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "సంతల మేం ఎవ్వల్నీ పిలవం మేడం. సరుకు పెట్టుకొని కూసుంటం. కొనేటోళ్లే వస్తరు" అన్నాను. మేడం నవ్వలేదు. ఆ సంతేదో చూడాలన్నారు.

శివరాత్రి సెలవులకు నిజంగానే నాతో బస్సెక్కారు. ఎర్రబోరు సంతలో అమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చున్నారు. గంపల వెనక ఆడవాళ్లందరూ నోరు మూసుకుని కూర్చోవడం ఆమె కాసేపే భరించగలిగారు. కూరగాయల బండ్ల కేకలు వింటూ పెరిగిన మనిషి కదా. ఉన్నట్టుండి గొంతెత్తి, "రండి బాబూ రండి, కొత్త చింతపండు" అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి కేక పెట్టారు. మావైపు వస్తున్న సేటు టక్కున ఆగి, అవతలి గంప దగ్గరికి వెళ్లిపోయాడు. వెనక వస్తున్నవాడూ అటే తిరిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏంది మేడం గట్ల అరుస్తున్నరు?" అంది అమ్మ మెల్లగా. "పుచ్చు సరుకున్నోళ్లే అరుస్తరు మా కాడ. జర ఊకుండండి."

"మరి నీ సరుకు మంచిదని ఎలా తెలుస్తుందమ్మా?"

అమ్మ ఒక చింతకాయ పెంకు ఒలిచి, గుజ్జు విడదీసి గంప మీద పెట్టింది. "ఇప్పి పెడ్తం. సూసుకుంటరు" అంది. కాసేపటికి ఇంకో సేటు వచ్చి, "ఏం తెచ్చినవ్ అక్కా, చూపియ్" అని కొద్దిగా గిల్లి నోట్లో వేసుకున్నాడు. గంపంతా తీసుకున్నాడు. మేడం మొహం ఎర్రబడింది గానీ, "తప్పు నాదేనమ్మా" అని అక్కడే అనేశారు. అంతమంది ముందు పంతులమ్మ అలా అనడం నేను అంతకుముందు చూడలేదు.

తిరుగు బస్సులో, దోర్నాపాల్ దాటాక మేడం, "నీ గంప మీద ఏం విప్పి పెడతావే?" అని అడిగారు. నేను నసిగి నసిగి, చింతగింజలు తీసే మిషన్ పేరు చెప్పాను. గింజలు కొట్టి కొట్టి అమ్మ వేళ్లు పగిలిపోతున్నాయని చేసిన ప్రాజెక్టు అది. క్లాసులో వంటింటి ప్రాజెక్టని ఆటపట్టిస్తే, రెజ్యూమెలో అట్టడుగున పడేశాను. "పిచ్చిమొహమా, దాన్నే మోసుకురా. నువ్వు అడగొద్దులే, విప్పి పెట్టు" అన్నారు.

మేళా రోజు రాయ్‌పూర్, భిలాయ్ కుర్రాళ్లు బల్లల దగ్గర గలగలా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. నేను అరువు చొక్కాలో, గోనెసంచిలో మిషనుతో, టెంటు గుంజ పక్కన. కాళ్లు కదలవు. దూరంగా మేడం టీ కప్పుతో నన్నే చూస్తున్నారు. రాలేదు, పిలవలేదు. అరవకుండా ఉండటం ఆమెకెంత కష్టమో నాకు తెలుసు. ఆ కష్టం చూడలేకే కదిలానేమో. దగ్గర్లో ఉన్న బల్ల మీద మిషన్ పెట్టి, గుప్పెడు చింతపండు వేసి, హ్యాండిల్ తిప్పాను. గింజ ఒకవైపు, గుజ్జు ఒకవైపు పడ్డాయి. బల్ల వెనక పెద్దాయన లేచి తనూ తిప్పాడు. అది కాస్తా ఇరుక్కుపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకు ఇరుక్కుందని హిందీలో అడిగాడు. ఎందుకో నాకు తెలుసు. చెప్పడం మొదలుపెట్టాక నన్ను ఆపడం ఆయన తరం కాలేదు.

ఆ కంపెనీ నన్ను తీసుకుంది. పరుగెత్తుకెళ్లి చెబితే, "నీ వల్ల టీ చల్లారిపోయింది" అని అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు మేడం. పోయిన వానాకాలం ఆమె కన్నుమూశారు. ఆమె లేరంటే నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువ వస్తుంది. ఈ బల్ల వెనక నన్ను చూడకుండా ఎలా పోతారు?

మధ్యాహ్నం అదే టెంటులో, గుంజ పక్కన ఒక అమ్మాయి కనిపించింది. ఫైలు గుండెకు హత్తుకుని, మా బల్లవైపే చూస్తూ, కదలకుండా. "కావాలంటే తనే వస్తుంది కదా" అన్నాడు నా పక్కన కూర్చున్న సహోద్యోగి. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలవలేదు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. బల్ల చుట్టూ తిరిగి, గుంజ దాకా నడిచి వెళ్లాను.

"ఏం తెచ్చినవ్ బిడ్డా," అన్నాను, "చూపియ్."