అక్క నీళ్ళ గ్లాసు

మా టీమ్ లీడ్ కిందటి వారం చనిపోయారు. పొద్దుటి కాల్‌లో ఆమె గొంతు వినిపించకపోతే మ్యూట్‌లో ఉన్నారేమో అనుకున్నాం. మధ్యాహ్నానికి వాళ్ళాయన ఫోన్ చేశారు. కాలి పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందట. యాభై కూడా నిండలేదు. అమెరికాలో, ఈ పార్సిప్పనీ ఊళ్ళో మాలాంటి కన్సల్టెంట్లందరికీ ఆమె అక్క. నేనూ అక్క అనే రాస్తాను.

కూర్చున్న చోటు నుంచి మమ్మల్ని లేపడమే పనిగా పెట్టుకున్న మనిషి కుర్చీలోనే పోయింది. విధి అని సరిపెట్టుకోమంటున్నారు కొందరు. నాకు చేతకావడం లేదు. నాకు ఒళ్ళు మండుతోంది.

ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో మేమంతా డెస్కు మీద బిందెలంత సీసాలు పెట్టుకునేవాళ్ళం. అక్క దగ్గర మాత్రం ఒక చిన్న స్టీలు గ్లాసు. రెండు గుక్కలకే ఖాళీ. మళ్ళీ లేచి, హాలు చివర కుళాయి దాకా నడక.

"ఓ సీసా కొనుక్కోరాదా అక్కా!" అని ఏడిపిస్తే, "సీసా పెట్టుకుంటే ఇంక నేనెందుకు లేస్తాన్రా? కుర్చీ కంపెనీది, కాళ్ళు మనవి" అనేది.

టీ వేళకి అందరినీ కిందికి తోలేది, అదీ మెట్ల మీదుగా. లిఫ్ట్ దగ్గర ఆగినవాడికి ఆమె చూసే చూపు చాలు. పార్కింగ్ లాట్‌లో బిల్డింగ్ చుట్టూ తిరుగుతూనే మా మీటింగులు అయిపోయేవి. దానికి మేము ప్రదక్షిణ అని పేరు పెట్టాం. "మరి గుళ్ళో దేవుడెవరక్కా?" అని అడిగితే, "సర్వర్ రూమ్‌లో ఉన్నాడు కదరా, ఎప్పుడు పడిపోతాడో అని మొక్కుకోవడమే" అంది. మంచు పడితే హాల్‌వేలో తిప్పేది. భుజాలు తిప్పించేది, మడమలెత్తించేది. ఏ డాక్టరు వల్లా పోని నా నడుంనొప్పి ఆ ప్రదక్షిణలతో పోయింది. ఆ మాట ఆమెతో చెప్పాను కూడా. "అయితే రేపట్నించి సాకులు చెప్పకు" అంది.

తర్వాత కంపెనీ మా ఫ్లోర్ ఖాళీ చేసి, అందరినీ ఇళ్ళ నుంచే పనిచేయమంది. లే ఆఫ్‌లు మొదలయ్యాయి. స్క్రీన్ మీద ప్రతి పేరు పక్కనా ఒక పచ్చ చుక్క ఉంటుంది. కాసేపు కీబోర్డు ముట్టకపోతే పసుపు రంగుకు మారుతుంది. కొత్తగా వచ్చిన మేనేజర్ పని కన్నా ఆ చుక్కలనే ఎక్కువగా చూసేవాడు. వీసా మీద ఉన్నవాళ్ళం, ఉద్యోగం పోతే రెండు నెలల్లో దేశం వదలాలి. చుక్క రంగు మారుతుందని బాత్రూమ్‌కి లేవడానికి కూడా భయపడ్డాం. మీకు నవ్వు రావచ్చు. మాకు రాలేదు.

అక్క ఊరుకోలేదు. టీ వేళకి అందరికీ కాల్ చేసేది.

"లేవండి, లేవండి. అలా బయట తిరిగి రండి. మేనేజర్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టి ఎవరిని పింగ్ చేసినా నేను చూసుకుంటాలే."

"నువ్వు నడవవా అక్కా?"

"నేను ఇందాకే నడిచొచ్చాను. మీరు వెళ్ళండ్రా."

రోజూ అదే మాట. మేము ఫోన్లు జేబులో వేసుకుని అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగొచ్చేవాళ్ళం. మాలో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. ఈ మధ్య ఒకసారి, పిక్క పట్టేసినట్టుందిరా అంది. డాక్టర్‌కి చూపించుకోమన్నాను. "ఈ ప్రాజెక్టు రిలీజ్ అయిపోనీ" అంది.

అంత్యక్రియలయ్యాక టీమంతా వాళ్ళింటికి వెళ్ళాం. హైస్కూల్లో చదివే వాళ్ళమ్మాయి, అక్క పనిచేసుకునే గది చూపించింది. కుర్చీ, రెండు మానిటర్లు, వాటి పక్కన పేద్ద నీళ్ళ సీసా. అందులో ఇంకా సగం నీళ్ళున్నాయి. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"ఇదెవరిదమ్మా?"

"అమ్మదే అంకుల్. మీరందరు వాక్‌కి వెళ్తారు కదా, అప్పుడు అమ్మ ఇక్కడే ఉండాలి. ఆ మేనేజర్ గ్రూప్‌లో ఎవరికి పింగ్ చేసినా అమ్మ వెంటనే ఆన్సర్ చేయాలి. సో, బిగ్ బాటిల్ కొన్నది."

ఇంటికొచ్చినవాళ్ళకి నీళ్ళివ్వాలని గుర్తొచ్చిందేమో, ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. స్టాండులో బోర్లించి ఉన్న చిన్న స్టీలు గ్లాసు తీసి, కడిగి, నీళ్ళు తెచ్చి నాకిచ్చింది. తాగి గ్లాసు తిరిగిచ్చాను. మళ్ళీ లోపలికి వెళ్ళి, కడిగి, ఇంకొకరికి తెచ్చింది. ఇంట్లో వేరే గ్లాసులు లేవా అని ఎవరమూ అడగలేదు. కూర్చోమని సోఫా చూపించినా, ఆ పిల్ల అలా తిరుగుతున్నంతసేపూ మేమంతా నిలబడే ఉన్నాం.