కలిసొచ్చిన బేస్‌మెంట్

ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు ముందు వంటగదే చూస్తారని, దాన్ని అద్దంలా పెట్టుకోమని మా ఏజెంటు చెప్పాడు. రెండు రోజులు తోమాను. వచ్చిన మొదటి జంట వంటగది వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గుమ్మంలో చెప్పులు విప్పి, "బేస్‌మెంట్ ఎటండీ?" అన్నారు. కిందికి తీసుకెళ్తే ఆ అబ్బాయి మెట్ల చివర ఆగి, గోడను తాకి వేళ్లు కళ్లకద్దుకున్నాడు. ఆ గోడకు అటువైపు ఉన్నది మా వాషింగ్ మెషీను.

అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో మాది చిన్న టౌన్‌హౌస్. కొన్న దగ్గర్నుంచీ బేస్‌మెంట్‌లో ఉన్న ఒక్క గదినీ తెలుగు పిల్లలకు అద్దెకిస్తూ వచ్చాం. మొదట చేరిన అబ్బాయికి ఎమ్మెస్ అయి ఉద్యోగం రాగానే హెచ్‌వన్ వీసా లాటరీలో మొదటిసారే పేరు తగిలింది. వాడి తర్వాత వచ్చినవాడికీ అంతే. ఆ తర్వాత ఇద్దరు స్నేహితులు కలిసి ఉన్నారు, ఇద్దరికీ తగిలింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఈ దేశంలో చదువు, తెలివి, రాత్రింబవళ్ల కష్టం అన్నీ అయ్యాక ఉద్యోగంలో ఉండనిచ్చేదీ లేనిదీ ఆఖరికి చీటీ తీసి తేలుస్తారు. చీటీ తీసేది కంప్యూటరు కాబట్టి దానికి దణ్ణం పెట్టే వీలు లేదు. ఆ దణ్ణాలన్నీ మా గోడకు వచ్చిపడ్డాయి.

మా ఆయన దీన్ని కాకతాళీయం అనేవాడు. నేనైతే మూర్ఖత్వం అనేదాన్ని. నేను ఎం.ఫార్మసీ చదివాను. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో, రోగికి మందు పని చేసిందా, లేక పని చేసిందని రోగి అనుకున్నాడా అని విడదీసి తేల్చే విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. నలుగురు కుర్రాళ్లను చూసి గదికి మహిమ అంటగడితే నా పాత మేనేజరు నన్ను మెడపట్టి గెంటేవాడు. పైగా నేను అదే ఇంట్లో, వాళ్లందరి నెత్తిమీద, ఇన్నేళ్లుగా డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం చేయకూడదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా విషయంలో అది నిజంగానే పనికిరాలేదు.

మా ఆయన ఆఫీసు వాళ్లు అతన్ని దేశానికి అటు చివరున్న బాతెల్ వెళ్లమనడంతో ఈ గొడవంతా మొదలైంది. ఆ ఏడాదే ఇక్కడి చిన్న ఫార్మా కంపెనీ ఒకటి నా పేరు లాటరీలో వేస్తానంది. పేరు వస్తే నాకు ఇక్కడ ఉద్యోగం, అతను బాతెల్‌కి వెళ్తూ వస్తూ ఉంటాడు, ఇంట్లోనే ఉంటాం. రాకపోతే ఇద్దరం వెళ్లిపోవాలి. అప్పుడు ఇల్లు అమ్మాలి, లేదా అద్దెకివ్వాలి. ఇల్లు ఏమవుతుందన్నదీ, నేను ఏమవుతానన్నదీ ఒకే మీట మీద ఆధారపడ్డాయి. చూపించడానికి మన సొమ్మేం పోదని, లాటరీ తేలేదాకా సంతకం పెట్టకుండా ఊరికే చూపిద్దామని అనుకున్నాం.

చూపించాం. ఒకాయన తన పాస్‌పోర్టు ఒక్క పూట ఆ గదిలో పెట్టుకోనివ్వమన్నాడు. ఇల్లు కొనే ఉద్దేశం మీకుందా అని అడిగితే, "పాస్‌పోర్ట్ వర్కవుట్ అయితే కొంటానండీ" అన్నాడు. ఇంకొక దంపతులు అగరొత్తులు తెచ్చుకుని, నేను వద్దంటూండగానే వెలిగించారు. స్మోక్ అలారం మోగింది. ఆమె కంగారు పడలేదు సరికదా, కళ్లు మూసుకుని, "గంట కూడా మోగిందండీ" అంది. పక్క ఊరు ఎడిసన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడకైతే కార్పెట్ ముక్క కావాలిట, అల్లుడికోసం. తివాచీ కత్తిరించి ఇచ్చే ఇల్లు కాదిదని చెబితే, "పోనీ వ్యాక్యూమ్‌లో దుమ్మైనా ఇయ్యమ్మా" అంది. ఇచ్చాను. వదిలించుకోవడానికే ఇచ్చాను.

మధ్యలో ఒక అమెరికన్ జంట వచ్చారు. వాళ్లు మాత్రమే వంటగది చూశారు, కిటికీలు తీసి చూశారు, నా పెరట్లో గోంగూరను చూసి అదేం మొక్క అని అడిగారు. అడిగినంత ధరా ఇస్తామన్నారు. బేస్‌మెంట్‌లో డ్రమ్స్ పెట్టుకుంటారట. మా ఏజెంటు మొహం మాడ్చుకున్నాడు. వాళ్లు వెళ్లాక నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, తొందరపడకండి. వాళ్లకి ఇది జస్ట్ హౌస్. మనవాళ్లకి అలా కాదు. లిస్టింగ్‌లో రాయలేం గానీ, నోటిమాటగా వెళ్తోంది" అన్నాడు.

"ఏం వెళ్తోంది?"

"అదే మేడమ్, ట్రాక్ రికార్డ్."

నవ్వాను. నవ్వానే గాని, ఆ రోజు బట్టలు ఉతకడానికి కిందికి వెళ్లినప్పుడు మెషీన్ తిరుగుతున్నంతసేపూ ఆ గోడ పక్కనే నిలబడ్డాను. మామూలుగా అయితే పైకి వచ్చేస్తాను. మర్నాడు మాసినవి లేకపోయినా ఒక దుప్పటి తీసుకెళ్లి ఉతికాను. ఆ వారం మా ఇంట్లో ఉతకని గుడ్డ లేదు. కర్టెన్లు కూడా ఉతుకుతుంటే మా ఆయన వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"ఆ గదిలో పడుకోవాలని ఉంటే పడుకో. ఈ కర్టెన్లేం పాపం చేశాయి?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నమ్మి కాదు. నమ్మకపోవడానికి కూడా ఒక ఉద్యోగం, ఒక హోదా ఉండాలని అప్పుడు తెలిసింది. హైదరాబాద్‌లో నా బల్ల ముందు కూర్చుని మూఢనమ్మకాల మీద ఎన్ని కబుర్లైనా చెప్పగలిగేదాన్ని. ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు, ఒక్క గది తప్ప. అందులో కూడా వేరే పిల్ల ఉంటోంది.

ఆ పిల్లది వరంగల్. చదువైపోయి ఉద్యోగం చేస్తోంది. తన పేరూ ఆ ఏడు లాటరీలో ఉంది. నేను వెళ్లి, అమ్మకానికి ముందు పై బెడ్‌రూమ్‌కి రంగులేయించాలి, కొన్నాళ్లు మేం కింద సర్దుకుంటాం, నువ్వు మా గదిలో ఉండమ్మా అన్నాను.

"రంగులేసే రూమ్‌ల నేను పండుకోవాల్నా?" అంది.

నేను అక్కడున్న దుప్పటి తీసి మడతపెట్టసాగాను.

"అక్కా, సీదా చెప్పండి. లాటరీ కోసమేనా?"

"ఊఁ."

"గంతేనా! నాకైతే గిట్లాంటి నమ్మకాలు లేవు. మీరు కింద పండుకోండి. మీ బాత్రూమ్‌ల టబ్ ఉంది కదా, నాకు అది చాలు."

అలా మా ఇంట్లో ఇంటివాళ్లు బేస్‌మెంట్‌కి, అద్దెకున్న అమ్మాయి మాస్టర్ బెడ్‌రూమ్‌కి మారాం. మా ఆయన తనకి వీసా ఉంది గదా, తానెందుకు కిందికని కాసేపు వాదించాడు. మరి పెళ్లికాని పిల్ల పైనుంటే నువ్వెక్కడ పడుకుంటావని అడిగాను. మిగిలిన గదంతా బాతెల్ వెళ్లడానికి సర్దిన పెట్టెలే. దిండు చంకలో పెట్టుకుని దిగాడు. కింద కప్పు మరీ తక్కువ. హీటర్ గొట్టం అడ్డంగా పోతుంది, పొద్దున లేవగానే దానికి అతని తల తగిలేది. మొదట్లో తిట్టుకునేవాడు. పోనుపోను తగలకపోతే, "ఇవాళ మిస్సయ్యింది, ఏం కాదుగా?" అని నన్నే అడిగేవాడు. తేమ లాగే యంత్రం గుర్రుమంటూ ఉండేది, పైనుంచి ఆ పిల్ల టబ్‌లో పాటలు పాడుకోవడం గొట్టంలోంచి చక్కగా వినిపించేది. ఇల్లు మాది, సుఖం ఆ పిల్లది.

అయినా ఆ గదిలోని ఫ్యూటాన్ మీద, అదే మడిస్తే సోఫా అయ్యే చెక్క మంచం మీద, నాకు హాయిగా నిద్రపట్టింది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత నాకోసం నేనొక పని చేసుకుంటున్నట్టు ఉండేది. ల్యాబ్‌కి ఏం వేసుకెళ్లాలా అని కూడా ఆలోచించాను.

మార్చి చివర్లో ఒక పొద్దున, పప్పులో పోపు వేస్తుండగా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈసారి నా పేరు రాలేదట. చాలా మర్యాదగా రాశారు. పోపు మాడిపోయింది. ఆ మాడిన పప్పే ఇద్దరం తిన్నాం. మా ఆయన మారు కూడా వడ్డించుకున్నాడు, అతనికి ఏడవడం అలాగే వచ్చు.

సాయంత్రం ఆ పిల్ల ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. షూస్ కూడా విప్పలేదు. "అక్కా, వచ్చింది! నా పేరు వచ్చింది!" అని నన్ను గట్టిగా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను, భోరున ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని తను కూడా ఏడ్చింది. కాసేపటికి నా మొహం చూసి, చేతులు వదిలేసి, "మీది?" అంది. తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల నమ్మకాలు లేని పిల్ల. కానీ ఆ క్షణంలో నా గది దొంగిలించినదానిలా నిలబడిపోయింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. నాకు కోపం వచ్చింది ఇంటి మీద. వెళ్లి ఫ్యూటాన్‌ని ఒక్క తన్ను తన్నాను. బొటనవేలు వాచింది.

వార్త ఎలా పాకిందో తెలియదు, రెండో రోజుకల్లా ఏజెంటు ఫోన్ చేశాడు. "మేడమ్, పైకి కూడా వచ్చిందట కదా! అంటే ఇక బేస్‌మెంట్ కాదు, హోల్ హౌస్!" గొంతులో పండగ. నా సంగతి అతనికి తెలుసు. గొంతు తగ్గించి, "మీది మాత్రం బయట చెప్పకండి మేడమ్, వాల్యూ పడిపోద్ది" అన్నాడు.

మా ఆయన అద్దెకిద్దామన్నాడు. వచ్చే ఏడు మళ్లీ వేస్తారు, పేరు వస్తే వెనక్కి రావడానికి మనకంటూ ఇల్లుంటుందని అతని ఆశ. మంచి మాటే. కానీ మళ్లీ ఏడాదిపాటు, ఎవరో ఆ గదిలో పడుకుంటూ, వాళ్ల పేర్లు వస్తూ ఉంటే, బాతెల్‌లో కూర్చుని అద్దె పుచ్చుకునే ఓపిక నాకు లేదన్నాను. ఆ రాత్రుళ్లు నాకు కిందా పడుకోబుద్ధి కాలేదు, పైనా పడుకోబుద్ధి కాలేదు. పెట్టెల మధ్య చాప వేసుకున్నాను. అదీ కుదరక కొన్నాళ్లు హాల్లో సోఫా మీద గడిపాను. చివరికి మా ఆయనే, "సరే, అమ్మేద్దాం" అన్నాడు.

డ్రమ్స్ జంట అప్పటికే వేరే ఇల్లు కొనుక్కున్నారు. మాకంటే చిన్నవాళ్లు, ఒక తెలుగు జంట కొంటామన్నారు. అగ్రిమెంటులో ఫ్రిజ్, వాషర్, డ్రయర్‌లతో పాటు ఫ్యూటాన్ కూడా చేర్చాలన్నారు. లేకపోతే మానేస్తామన్నారు. నా వేలు వాచేలా చేసిన ఆ చెక్కముక్కలకి నేను గంభీరంగా సంతకం పెట్టాను.

రిజిస్ట్రేషన్ ముందురోజు ఆఖరిసారి ఇల్లు చూసుకోవడానికి ఆ దంపతులు వచ్చారు. మగవాళ్లు, ఏజెంటు కలిసి పంపులు తిప్పి చూస్తున్నారు. ఆ అమ్మాయి నా పక్కనే మెట్ల దగ్గర నిలబడింది. విజయవాడలో ఫిజియోథెరపిస్టుగా చేసేదట. వచ్చి మూడేళ్లయింది, డిపెండెంట్ వీసా, ఉదయం నుంచీ సాయంత్రందాకా ఇంట్లోనే. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతులు నలుపుకుంటోంది. ఆ చేతులకి చేయాల్సిన పని తెలుసు, చేయనిచ్చేవాళ్లు లేరు.

"అక్కా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోరుగా? మీక్కూడా ఈ ఇంట్లోనే వచ్చిందా?"

ఏజెంటు వంటగదిలోంచి నా వైపు చూశాడు. అబద్ధం చెప్పడం చాలా తేలిక. కానీ ఆ పిల్లకి చెప్పలేకపోయాను.

"లేదమ్మా. నాకు రాలేదు."

తను పైకి చూసింది, కిందికి చూసింది. ఇల్లు వద్దంటుందేమో అనుకున్నాను. దగ్గరికి జరిగి, నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అయితే మీరు ఏ రూమ్‌లో పడుకునేవాళ్లో చెప్పండక్కా. ఆ ఒక్క రూమూ వదిలేస్తాం."

"అన్ని రూముల్లోనూ పడుకున్నానమ్మా" అన్నాను.