ఐరిష్ కాటేజీలో పోశయ్య వాసన

"ఈ కంపు నీదేనా?"

2017 రంజాన్ సెలవుల్లో, ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో ఒక ఖర్జూర తోటలో, అతిథిగా దిగిన అలేఖ్య గది గుమ్మంలో నిలబడి తోటమాలిని అడిగిన మాట ఇది. తెలుగులో అడిగింది కాబట్టి పోశయ్య పొంగిపోయాడు.

జగిత్యాల పక్క పల్లెవాడు. పదకొండేళ్లుగా ఆ తోటలోని పాత రాతిగదిలోనే వండుకున్నాడు, పడుకున్నాడు. యజమాని కొడుకు ఐర్లండ్‌లో ఏదో పాత రైతింట్లో సెలవులు గడిపొచ్చి, ముచ్చటపడి, ఆ గదికి సున్నం కొట్టించాడు. పైన గడ్డి కప్పించాడు, ఆకుపచ్చ తలుపు పెట్టించాడు, చలిమంటకు గోడలో పొయ్యి కట్టించాడు. ఆ పైన ఏసీ. అతిథులకు అద్దె రాత్రికి తొమ్మిది వందల దిర్హములు. పోశయ్య మూటాముల్లె పంపు షెడ్డుకు చేరింది. రేకుల కప్పు, పక్కనే మోటారు. నెల జీతం మాత్రం ఎనిమిది వందల దగ్గరే ఉంది.

తోట ముదీర్, అంటే మేనేజరు, జిలానీ బాషా కడపవాడు. జాలిపడి ఒక ఏర్పాటు చేశాడు. అతిథులు లేని రాత్రుల్లో పోశయ్య ఆ గదిలో నేలమీద పడుకోవచ్చు. సంగతి వాళ్లకు తెలియకూడదు, అంతే. అరవై దాటిన మనిషి, ఆ ఎండల్లో, ఆ చల్లటి నేల మీదే ప్రాణం పెట్టుకున్నాడు.

పరాయి దేశంలో మన భాష చెవిన పడితే ప్రాణం లేచొస్తుందని సభల్లో కళ్లు తుడుచుకుంటారు. పోశయ్యకూ లేచొచ్చింది.

"నాదే గావచ్చు బిడ్డా. ఇది నా అర్రనే. రాత్రి గూడ ఈడనే పన్న."

"బిడ్డా ఏంటి?" అని లోపలికి కేకేసింది అలేఖ్య. "ఏవండీ, విన్నారా? ఇది లేబర్ రూమట!"

భర్త రాధాకృష్ణ దుబాయ్‌లో ఆడిటర్. ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, పోశయ్య రాజేసిన మంట ముందు స్వెటర్ వేసుకుని ఫొటోలు దిగుతున్నాడు.

"ఎక్కడ పడుకున్నావు పెద్దాయనా?" అని మర్యాదగానే అడిగాడు. పోశయ్య చోటు చూపించాడు. ఆయన ఆ చోటునూ ఫొటో తీసి జిలానీకి పంపి, డబ్బు వెనక్కి రాబట్టాడు. గది మాత్రం ఖాళీ చెయ్యలేదు. మంట ఆరిపోతోందని రాత్రి రెండుసార్లు పోశయ్యను పిలిపించాడు కూడా.

మర్నాడు జిలానీ ఆకుపచ్చ తలుపుకు కొత్త తాళం వేశాడు.

"నోరు మూసుకోమంటే వంశమంతా చెప్పుకుంటావా? ఖలాస్. ఇంక నీకు షెడ్డే."

"మనోళ్లు గదా అని చెప్పిన సారూ."

"మనోళ్లు కాబట్టే ఫొటో తీసి పంపినారు."

వాపసిచ్చిన తొమ్మిది వందలు పోశయ్య మీద వేశారు. ఆ నెల జీతమంతా కోసుకున్నా, ఇంకా వంద బాకీ ఉంది.