సెల్ఫ్ బ్యాటరీ, సొట్ట బేసిన్

మొన్న గుడివాడలో బ్యాటరీ షాపుకి వెళ్లాను. రిటైరైన నలుగురు మిత్రులం కలిసి కొనుక్కున్న పాత వ్యానులో రెండు ఫ్యాన్లూ, ఇన్సులిన్ పెట్టుకునే బుల్లి ఫ్రిజ్జూ బిగించుకున్నాం. తీర్థయాత్రలకని చెప్పుకుంటాం గానీ, ఇంతవరకూ ఆ వ్యాను పెడన దాటలేదు. షాపాయన నా తెల్లజుట్టుకి తగిన మర్యాదతో, "బండి స్టార్టవడానికాండీ, ఆపిన బండిలో ఫ్యాన్లు తిరగడానికాండీ? రెండిటికీ వేరేవేరే ఉంటాయండీ" అన్నాడు. దాదాపు నలభై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో ఇంకో షాపాయన ఇంచుమించు ఇదే ప్రశ్న వేస్తే, తప్పు జవాబు చెప్పినవాణ్ణి నేనే.

అప్పట్లో బందరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. చేరి ఏడాది కూడా కాలేదు కనుక నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. దివిసీమలో మా చిన్న మావయ్య తన వరిచేను తవ్వించి చేపల చెరువు చేశాడు. అన్నం పెట్టే చేలో గొయ్యి తీస్తావా అని అమ్మమ్మ అతనితో మాట్లాడ్డం మానేసింది. మొదటిసారి వేసిన చేపపిల్లలు బతికి బట్టకట్టకపోతే మళ్లీ మట్టి పూడ్చి వరే వేస్తానని మావయ్య ఆమెకి మాటిచ్చాడు. ఆ చేపపిల్లల్నే గుడివాడ దగ్గర కొని, వ్యానులో నీళ్ల డ్రముల్లో తీసుకెళ్లాలి. దారి పొడుగునా నీళ్లలోకి గాలి కొట్టే చిన్న మోటార్లు బ్యాటరీ మీద తిరుగుతూండాలి.

సెల్ఫ్ కొట్టడానికి ఒకటీ, మోటార్లకి గంటల తరబడి నిదానంగా కరెంటిచ్చే రకం ఇంకొకటీ తీసుకోమన్నాడు షాపాయన. మావయ్య నా మొహం చూశాడు. అంత ఇంజన్ని ఒక్క ఊపున తిప్పేది ఇంత మోటార్లని తిప్పలేదా, ఏనుగుని మోసేది ఎలకని మొయ్యలేదా అన్నాను. షాపాయన వాదించలేదు. ఎమ్మెస్సీ అంటే అప్పట్లో అంత గౌరవం. సెల్ఫ్ బ్యాటరీ ఒక్కటే తీసుకుని బయల్దేరాం.

కూచిపూడి దాటాక కాలవ వంతెన మీద గడ్డిలోడు ట్రాక్టరు ఒకటి అడ్డంగా ఒరిగిపోయి ఉంది. ఇంజను వేడెక్కుతోందని మావయ్య బండి ఆపేశాడు. మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ బుడగల్ని చూపిస్తూ నేనతనికి బ్యాటరీ పనిచేసే విధానం వివరించాను. పాఠం పూర్తయ్యేసరికి బుడగలు పలచబడ్డాయి. కంగారుగా సెల్ఫ్ కొడితే టిక్కుమంది, అంతే. చేపపిల్లలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. ఆ విషయంలో నేనూ వాటికి తోడయ్యాను.

మా వెనక ఆగిన బస్సులో, చేపలమ్ముకుని ఊరికి తిరిగెళ్తున్న బెస్త ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ దిగొచ్చి డ్రములోకి తొంగిచూసింది.

"గాలాడక చస్తన్నాయి. అట్టా నిలబడి చూస్తారేంటి బాబూ, నీళ్లు ముంచి ఎత్తునించి పొయ్యండి."

చెప్పి ఊరుకోలేదు. నలుగురు ఆడవాళ్లు ఖాళీ బేసిన్లతో వ్యానెక్కి, డ్రములో నీళ్లు ముంచి, తలెత్తున లేపి, మళ్లీ అందులోకే ధారగా వదలడం మొదలెట్టారు. నా చేతికీ ఒక సొట్ట బేసిన్ వచ్చింది. పోస్తుండగా ఆవిడ నేనేం చదివానని అడిగింది. నాకంటే ముందే మావయ్య, "ఎమ్మెస్సీ ఫిజిక్స్" అన్నాడు. అప్పుడు కూడా గర్వంగానే అన్నాడు.

"పోన్లెండి, నీళ్లు పొయ్యడం ఇప్పుడొచ్చింది గదా" అందావిడ.

గంటకి దారి తెరిచారు. బస్సులో మగవాళ్లు దిగి తోస్తే ఇంజను అందుకుంది, మోటార్లూ తిరిగాయి. సొట్ట బేసిన్ తిరిగివ్వబోతే ఆవిడ పుచ్చుకోలేదు. "ఉంచుకోండి. చదూకున్నోళ్ల బండి, మళ్లీ ఆగుద్ది."

కొన్ని పోయాయి, చాలావరకు బతికాయి. సాయంత్రం వాటిని చెరువులో వదులుతుంటే అమ్మమ్మ గట్టు మీదికొచ్చి కాసేపు నిలబడి చూసి, "అన్నం తిన్నావట్రా" అంది మావయ్యని. అన్ని నెలల తరవాత అదే మొదటి మాట. మావయ్య నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. మరుసటి వారం నాకు చెప్పకుండా గుడివాడ వెళ్లి రెండో బ్యాటరీ కొనుక్కున్నాడంతే. అయినా ఆ వ్యాను అమ్మేసేదాకా బేసిన్ అందులోనే ఉండేది.

మావయ్య పోయి చాలాకాలమైంది. ఇప్పుడు బండి ఆగితే ఫోను చేయగానే ఎవరో ఒకరు కొత్త బ్యాటరీ పట్టుకొస్తారు. అది సుఖమే, కాదనను. ఆలోగా వెనకవాళ్లు అద్దాలు దించకుండానే హారన్ కొట్టి పక్కనుంచి వెళ్లిపోతారు. వాళ్ల తొందర వాళ్లది.

మొన్న మాత్రం ఏం కావాలో నేను చెప్పలేదు. షాపాయన్నే అడిగి, ఆయన చెప్పిన రెండూ తీసుకున్నాను. వచ్చేదారిలో గిన్నెల కొట్టు దగ్గర ఆగి అల్యూమినియం బేసిన్ ఒకటి కొని వ్యానులో పెట్టాను. మనం చేపలేం మొయ్యట్లేదుగా, ఇదెందుకన్నారు మిత్రులు. చదువుకున్నవాళ్ల బండి కదా, ఉండనివ్వండన్నాను.