కండ మీది పొర

మా నల్లగొండ దిక్కు ఎవలకన్న కాళ్లు గుంజుతున్నయంటే డాక్టరు కంటె ముందుగాల ఊరోళ్లే చెప్తరు, ఫ్లోరైడని. నాకూ గట్లనే చెప్పిండ్రు. కాలేజీల చేరిన యేడు, కింద కూసుంటే మోకాళ్ల మీద చేతులు ఆనిచ్చి మెల్లగ లేవాల్సి వచ్చేది. మునివేళ్ల మీద నిలబడి అల్మారల డబ్బ అందుకునుడు బందైంది. "బోరు నీళ్లు బొక్కలల్ల దిగినయి" అన్నది పక్కింటామె. బాపు మరునాడే నకిరేకల్ పోయి ఫిల్టరు నీళ్ల క్యాను తెచ్చిండు. అదే బోరు నీళ్లు తాగిన తమ్ముడు గుట్టలెక్కి దిగుతాంటే మాత్రం ఎవలకూ అనుమానం రాలే. నాకైతే ఆ బోరు మీద ఎంత కోపమంటే, దాని పక్కకెల్లి పోయినప్పుడల్లా తిట్టుకుంటనే పోయేదాన్ని.

తర్వాత కృష్ణ నీళ్లు నల్లాల ఇంటికే వచ్చినయి. ఊరంతా సంబురపడ్డది. నా కాళ్లు మాత్రం ఇంకింత చెడిపోయినయి. బాపు గొర్లు కాసేటోడు, ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, నడుచుడు. "జర నడువు బిడ్డా, కండలు గట్టిపడ్తయి" అని మంద ఎన్క గుట్ట దాక తోల్కపోయేటోడు. నడిచినకొద్ది నా పిక్కలు సన్నబడ్డయి.

ఆఖరికి హైదరాబాద్ల పెద్ద దవాఖానకు పోయినం. రక్తం తీసి జీన్ పరీక్షకు పంపిండ్రు. రిపోర్టు వచ్చినంక డాక్టరమ్మ మమ్ముల కూసోబెట్టి నిమ్మలంగ చెప్పింది. కండల ప్రతి కణం మీద ఒక సన్నటి పొర ఉంటదట. నడిచినా మెట్లెక్కినా, ఎవలకైనా ఆ పొర జరంత చినుగుతదట. ఆ చిరుగును అతికేదాంట్ల పొరను పట్టుకొనుండే ఒక ప్రోటీన్ పని పెద్దదట, దాని పేరు డిస్ఫెర్లిన్. దాన్ని తయారు చేసే జీన్ నాకు అమ్మ కాడికెల్లి వచ్చిందీ చెడ్డదే, బాపు కాడికెల్లి వచ్చిందీ చెడ్డదే. ఒక్కటి చెడితే ఏంగాదు. రెండూ చెడితే నా లెక్క.

"నీళ్లకూ దీనికీ సంబంధం లేదమ్మా. గుట్టలెక్కుడు బంద్ చెయ్యి. ఎక్కువ కష్టపెడితే ఎక్కువ చినుగుతది" అన్నదామె. బాపు మొఖం జూడనీకె నాకు ధైర్యం చాలలే. మందున్నదా అని అడిగిన. ఇంకా రాలేదన్నది.

"మీది మేనరికమా?" అని బాపును అడిగింది. అమ్మ బాపుకు సొంత మేనమామ బిడ్డ. బాపు తలకాయ ఊపిండు. తిరిగొచ్చేటప్పుడు బస్సుల, చౌటుప్పల్ దాటినంక అన్నడు: "పొట్టేలును మందల ఎక్కువ కాలం ఉంచం బిడ్డా. దాని పిల్లలు ఎదిగేటాలకు అమ్మేసి వేరే ఊరి మందలకెల్లి ఇంకోటి తెస్తం. లేకుంటే నీరసం పిల్లలు పుడ్తయి. గొర్ల కాడ గింత తెల్విగున్నోన్ని, ఇంట్లకొచ్చేసరికి ఏమైంది నాకు?"

"గొర్లకు మేనమామలు అలుగరు గద బాపూ" అన్న, నవ్వుతడేమోనని. నవ్వలే.

నేను గట్లనే ఉంటి. కింద పడితే "భూమి నన్ను ఇడ్వనంటాంది" అని అందరికంటె ముందు నేనే నవ్వేదాన్ని. నేను ఏడిస్తే బాపు అన్నం ముట్టడు.

అసలు గోస ఆ తర్వాత మొదలైంది. అమ్మ తమ్ముని బిడ్డను మా తమ్మునికి చేసుకోవాల్నని ఎప్పుడో మాటయ్యింది. వాళ్లిద్దరికీ ఇష్టమే. నాకు వాళ్లకంటె ఎక్కువ ఇష్టం. నన్ను చూసి "అయ్యో" అననిది ఆ పిల్ల ఒక్కతే. "లెవ్వు వదినా, ఎంత బద్ధకమే నీకు" అని కొట్లాడేది. ఆమె మా ఇంటికొస్తే నాకొక తోడు దొరుకుతదని ఎంత ఆశ పెట్టుకున్ననో నాకే తెల్సు.

డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్ష చేయించుమన్నది. ఆడపిల్లకు పరీక్షలేందని మామ లొల్లి పెట్టిండు. ఆ పిల్లనే మొండికేసి రక్తమిచ్చింది. ఇద్దరిలనూ ఒక్కొక్క జీన్ చెడ్డది ఉన్నది. వాళ్లకేం గాదు. వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకు మాత్రం, నాలుగు పాళ్లల్ల ఒక పాలు నా లెక్క అయ్యే భయం.

ఐతారం నాడు రెండిండ్లోళ్లు మా వాకిట్ల కూసున్నరు. "దేవుడు సల్లగ చూస్తడు, కానియ్యుండ్రి" అన్నడు మామ. అమ్మ కొంగుతోని మొఖం తుడుసుకుంటాంది. బాపు "తెల్సి తెల్సి ఇంకో పొల్ల గిట్ల..." అని నా దిక్కు చూసి నోరు మూసుకున్నడు.

"ఆగినవేంది బాపూ, చెప్పు."

"నిన్ను కాదు బిడ్డా."

"నన్ను కాకుంటే ఇంకెవల్ని?" అన్న. ఇగ నేనే చెప్పిన, తమ్ముని దిక్కు తిరిగి. "చేసుకోకుండ్రిరా."

తమ్ముడు లేచి బయటికి పోయిండు. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూసున్నది. కోపంతోని కాదు, నిజంగ తెల్వకనే అడిగింది: "నీకు గంత కష్టమా వదినా? ఎప్పుడు చూసినా నవ్వుకుంటనే ఉంటివి గద."

ఏదన్న పరాచికం ఆడదామని చూసిన. రాలే. బాపు ఎదురుంగనే ఉన్నడు.

"కష్టమే పిల్లా" అన్న. "పొద్దున మంచం దిగాల్నంటే రోజూ భయమే. చానా కష్టం."

బాపు ముందట ఆ మాట అనుడు నాకు అదే మొదలు.